గెడ్డవానిపేటకు కరెంటు తెచ్చిన కడప లైన్‌మన్

2018 అక్టోబరు. తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని కొట్టి వెళ్లిపోయిన తర్వాతి రోజులు. నేనప్పుడు కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌ని. మాలో మేం ఎల్.ఐ. అనుకుంటాం. లైన్‌మన్ల చేత పని చేయించడం, స్తంభం ఎక్కిన మనిషి క్షేమంగా కిందికి దిగేలా చూడడం ఎల్.ఐ. పని. నా సర్వీసు చాలావరకు సముద్రం పక్క సెక్షన్లలోనే గడిచింది. తుఫాన్లు నాకు కొత్త కాదు. అంతకు నాలుగేళ్ల ముందు హుద్‌హుద్ వచ్చినప్పుడు భోగాపురం వైపు డ్యూటీ వేశారు. అక్కడ విరిగిన స్తంభాలు చూసి ఇంతకన్నా నష్టం ఏముంటుందిలే అనుకున్నాను. ఉద్దానం చూశాక ఆ అనుకోవడం తప్పని తెలిసింది.

కొబ్బరి తోటలన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. జీడిచెట్లు వేళ్లతో సహా పైకి లేచి తిరగబడ్డాయి. మా సిమెంటు స్తంభాలు నడుముల దగ్గర విరిగి, లోపలి ఇనప చువ్వల మీద వేలాడుతున్నాయి. ఒక్క లైను నిలబడి లేదు. మా సెక్షన్‌లో ఉన్న కొద్దిమంది లైన్‌మన్లతో అదంతా మళ్లీ నిలబెట్టాలంటే ఏడాది చాలదు. అందుకే రాష్ట్రంలోని మిగతా జిల్లాల నుంచి గ్యాంగులను పంపించారు. గ్యాంగు అంటే ఒక లారీ, తాళ్లు, చైన్ పుల్లీలు, పది పన్నెండు మంది మనుషులు, వాళ్లను నడిపించే ఒక లైన్‌మన్. ఊరు తెలిసిన స్థానికుడు ఒకడు వాళ్లతో ఉండాలి. నాకు కడప జిల్లా గ్యాంగును అప్పగించారు. దాన్ని నడిపించే లైన్‌మన్ పేరు ఓబులేసు.

నలభై దాటిన మనిషి. సన్నగా, నల్లగా ఉంటాడు. మెడ చుట్టూ తువ్వాలు. రెండు రోజులు లారీలో కూర్చుని వచ్చి, దిగీదిగగానే నా దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టాడు.

"అన్నా, ఊరు మీది, లైను మీది. యాడ ఏముండాదో మీరు చూపించండి. పని మేం చేస్తాం," అన్నాడు.

మాకు పడిన ఊరు గెడ్డవానిపేట. సముద్రానికి ఆనుకుని ఉన్న చేపలోళ్ల ఊరు. మగవాళ్లలో సగం మంది ఊళ్లో లేరు. ఏటేటా వానాకాలంలో గుజరాత్‌లోని వెరావల్ పోయి అక్కడి బోట్ల మీద పనిచేసి వేసవికి తిరిగొస్తారు. తుఫాను వచ్చేసరికి ఊళ్లో మిగిలింది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు. ఇళ్ల రేకులు ఎగిరిపోయి తోటల్లో పడ్డాయి. కరెంటు లేక ఊరి ట్యాంకు మోటరు ఆగిపోయింది. ఊరి పక్క గెడ్డలో, అంటే వాగులో, సముద్రపు నీళ్లు కలిసిపోయాయి. తాగడానికి నీళ్లు లేవు.

మా లారీ ఊరి మొదట్లోకి వెళ్లేసరికి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో అడ్డం కూర్చున్నారు. వాళ్ల ముందు ఎర్రమ్మ ఉంది. యాభై ఏళ్ల మనిషి. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముకుంటుంది. భర్త, ఇద్దరు కొడుకులు వెరావల్‌లో ఉన్నారు.

"ఏటి బావు, ఇన్నాల్లకి గుర్తొచ్చామా? రోడ్డు పక్క ఊర్లకి ముందు, మాకు ఎనకానా? మేం మనుసులం కామేటి?" అంది నన్ను చూసి.

మెయిన్ లైను రాకుండా మీ ఊరికి కరెంటు ఎలా వస్తుందమ్మా అని నేను చెప్పబోతున్నాను. ఈలోగా ఓబులేసు లారీ దిగి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నీళ్లకా అమ్మా మీ కోపం?"

"నీల్లకి కాక మరెందుకు బావు? ట్యాంకీ ఎండిపోనాది. పసిపిల్లలు ఉప్పునీల్లు తాగి వాంతులు సేసుకుంతన్నారు."

"మా దిక్కు ఎండాకాలమొస్తే నీళ్ల కాడనే కొట్లాటలు. నీళ్లు లేకుంటే ఎట్లుంటాదో మాకు తెలుసమ్మా. మొదట మీ మోటరుకే లైను లాగుతాం. ఇండ్లకు తర్వాత. సరేనా?"

ఎర్రమ్మకు అతని మాట తీరు కొత్తగా ఉంది. లారీలో గ్యాంగు తాగడానికి తెచ్చుకున్న నీళ్ల క్యాన్లుంటే ఓబులేసు వాటిని దింపించి పిల్లలకు పొయ్యమన్నాడు. అప్పుడు ఎర్రమ్మ లేచి బిందె పక్కకు జరిపింది.

"సరే. సూద్దుం," అంది.

చెప్పినట్టే మోటరు లైను ముందు మొదలుపెట్టాడు. పదకొండు కె.వి. లైను జీడితోటల్లోంచి రావాలి. పడిన చెట్ల వల్ల లారీ లోపలికి పోదు. స్తంభాలను తాళ్లు కట్టి మనుషులే లాక్కుపోవాలి. కడప మనుషులకు ఇసకలో నడక అలవాటు లేదు, కాళ్లు దిగబడిపోయేవి. గుంత తవ్వుతుంటే పక్క ఇసక జారి మళ్లీ పూడిపోయేది. మొదటి రోజు మధ్యాహ్నం దాకా ఊరివాళ్లు దూరంగా కూర్చుని చూశారు. ఆ తర్వాత ఎర్రమ్మ కొంగు బిగించి వచ్చి తాడు పట్టుకుంది. ఆమె వెనక మరో పది మంది. వల లాగడం పుట్టినప్పటి నుంచీ చూసినవాళ్లు. అందరూ ఒకేసారి బలం పెట్టేలా పదం అందుకుని లాగారు. స్తంభం ఇసక మీద జారుతూ కదిలింది. ఓబులేసు నుదుటి చెమట తుడుచుకుంటూ నవ్వాడు. "అన్నా, ఈ అమ్మలను మా జిల్లాకు తోలకపోదామా?" అన్నాడు.

మోటరు తిరిగి ట్యాంకు నిండిన రోజు నుంచి ఆ గ్యాంగు మీద ఊరికి కోపం పోయింది. బడిలో వాళ్లకు చాపలు వేశారు. ఎవరింట్లో పొయ్యి రాజుకుంటే వాళ్లింటి నుంచి కూర వచ్చేది. కవళ్లనే చిన్న చేపల పులుసు తినడం రాక ఓబులేసు ముళ్లతో అవస్థ పడుతుంటే ఎర్రమ్మ ఎదురుగా కూర్చుని ఎలా తినాలో చూపించింది. ఆ రోజే ఆమె అన్న మాట నాకింకా గుర్తుంది.

"మావోల్లు ఎక్కడో గుజరాతీ ఊల్లో ఎవులికో సేపలు పడతన్నారు. ఎక్కడోల్లో వచ్చి మా ఊల్లో స్తంబాలు పాతతన్నారు. సూడు బావు, ఎవులు ఎవులికి ఏటవుతారో."

ఊళ్లో ఒకే ఒక్క కిరాణా కొట్టు ఉంది. దాని యజమాని కామేశ్వరరావు. నరసన్నపేట కోమట్లు, ఆయన తండ్రి కాలంలో ఈ ఊరొచ్చి కొట్టు పెట్టారు. ఆ తండ్రి ఇప్పుడు ముసలివాడై ఉబ్బసంతో మంచం పట్టాడు. ఆయాసం వచ్చినప్పుడు ఆయనకు మందు ఆవిరిగా పీల్చే కరెంటు మిషను పెట్టాలి. అందుకోసం తుఫాను తగ్గిన వెంటనే కామేశ్వరరావు నరసన్నపేట నుంచి ఒక చిన్న జనరేటర్ తెచ్చుకున్నాడు. తన ఒక్కడి కోసం వాడుకోలేదు. ఊళ్లో ఆడవాళ్లంతా ఆయన కొట్టులోనే ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకుని వెరావల్‌తో మాట్లాడుకునేవారు. మా గ్యాంగు ఫోన్లూ అక్కడే. మంచి మనిషి. ఆ మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది చదివినవాళ్లు ఆయన గురించి వేరేగా అనుకునే ప్రమాదం ఉంది.

ఇళ్లకు కరెంటిచ్చే రోజు దగ్గరపడింది. దసరా చీకట్లోనే గడిచిపోయింది కాబట్టి లైట్లు వచ్చిన సాయంత్రమే పండగ చేసుకోవాలని ఊరు నిర్ణయించుకుంది. గంగమ్మ గుడి ముందు భోజనాలు, డప్పులు, గ్యాంగుకు సన్మానం. కామేశ్వరరావు మనిషిని పంపి బంతిపూల దండలు, శాలువాలు తెప్పించాడు.

"ఊరి తరపున వాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి కదండి, సింహాచలం గారూ. మీరే మాట్లాడాలి. లైటు వెలిగాక చెప్తే బాగుంటాది," అన్నాడు నాతో. నేనూ సరేనన్నాను.

కరెంటిచ్చే రోజు పొద్దున్న పని మొదలుపెట్టే ముందు నేను, ఓబులేసు ఊళ్లో జనరేటర్లున్న ఇళ్లన్నిటికీ తిరిగాం. ఇక్కడ చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఇంట్లో జనరేటర్ వేసుకుంటే ఆ కరెంటు ఇంటి వరకే ఉండాలి. అలా ఉంచడానికి ఛేంజోవర్ స్విచ్ అని ఒకటుంటుంది. అది లేని ఇళ్లలో రెండు వైపులా ప్లగ్గులున్న వైరు ఒకటి కట్టి, ఒక చివర జనరేటర్‌లో, రెండో చివర గోడలోని సాకెట్‌లో పెట్టేస్తారు. మెయిన్ స్విచ్ ఆపకపోతే ఆ కరెంటు మీటరు దాటి, సర్వీసు వైరులోంచి వీధిలో స్తంభం దాకా వస్తుంది. దీన్ని మేం రిటర్న్ అంటాం. తుఫాను రోజుల్లో లైన్‌మన్ అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది దీనికే.

ఓబులేసు ప్రతి ఇంట్లోనూ చేతులు జోడించి ఒకే మాట చెప్పాడు. "మేం దిగినాం అని మేమే వచ్చి చెప్పేదాకా జనరేటర్ వెయ్యొద్దండి. మెయిన్ ఆపేయండి." కామేశ్వరరావు మా ఎదురుగానే మెయిన్ స్విచ్ పిడి కిందికి దించాడు. పాత ఇనప పెట్టె స్విచ్. సముద్రపు గాలికి పైనంతా తుప్పు పట్టింది. జనరేటర్ కూడా ఆపాడు.

తర్వాత లైన్ క్లియర్ తీసుకున్నాం. అంటే సబ్‌స్టేషన్ నుంచి ఈ వైపు కరెంటు వదలబోమని మాట తీసుకోవడం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ దించి, వీధి లైన్లకు రెండు చివరలా ఎర్త్ రాడ్లు తగిలించాం. పొరపాటున ఎక్కడి నుంచైనా కరెంటు వచ్చినా ఆ రాడ్ల ద్వారా భూమిలోకి పోతుంది. మా శాఖలో చెయ్యమన్నవన్నీ చేశాం. నేను తర్వాత ఎన్నోసార్లు మనసులో మళ్లీ మళ్లీ లెక్క చూసుకున్నాను. చేయనిది ఏదీ కనిపించలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక స్తంభాల నుంచి ఇళ్లకు సర్వీసు వైర్లు కలిపే పని మొదలైంది. ఓబులేసు ఒక్కో స్తంభమే ఎక్కి కలుపుతూ వస్తున్నాడు. కింద గ్యాంగులో మనిషి నాగరాజు సామాను అందిస్తున్నాడు. నేను వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉన్నాను. పక్క తోటలో పడిన కొబ్బరిచెట్లను రంపం మిషన్లతో కోస్తున్నారు. ఆ రొదలో పక్క మనిషి మాట కూడా వినపడదు.

కొట్టు ముందు స్తంభం మీద ఉన్నప్పుడు జరిగింది. వైరు చివర సన్న తీగలు మెలిపెట్టాలంటే రబ్బరు గ్లవ్స్‌తో కుదరదు. గ్లవ్ తీసి కుడిచేత్తో కామేశ్వరరావు ఇంటి సర్వీసు వైరు పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి లైను మీద ఉంది. ఆ క్షణంలో ఆ వైరులో కరెంటొచ్చింది. లైను ఎర్త్ అయి ఉంది కాబట్టి ఆ కరెంటు కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి, అతని గుండె మీదుగా పోయింది. మేం రక్షణ కోసం తగిలించిన రాడ్లే దానికి దారి అయ్యాయి.

నాగరాజు కేక నాకు వినపడలేదు. అతను వెదురు గెడ ఎత్తి వైరును కొట్టడం మాత్రం కనపడింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి ఓబులేసు నడుము బెల్టు మీద పక్కకు ఒరిగి వేలాడుతున్నాడు. తాడు వేసి దించాం. ఊపిరి లేదు. మాకు ట్రైనింగులో నేర్పినట్టు నేను గుండె మీద నొక్కుతుంటే నాగరాజు నోట్లో గాలి ఊదాడు. ఎంతసేపటికో అతని రొమ్ము తనంతట తాను కదిలింది. కళ్లు తెరవలేదు. కుడి అరచెయ్యి నల్లగా కాలిపోయి ఉంది. అంబులెన్సు వచ్చి శ్రీకాకుళం తీసుకెళ్లింది. నాగరాజు కూడా ఎక్కాడు.

నేను కామేశ్వరరావు ఇంట్లోకి వెళ్లాను. పెరట్లో జనరేటర్ ఆపేసి ఉంది. లోపల ముసలాయన దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మూతికి మిషను మాస్కు. ఊపిరి ఇంకా ఈలలా వస్తోంది. కామేశ్వరరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నాన్నగారికి ఉక్కిరిబిక్కిరై పెదాలు నీలంగా అయిపోయాయండి," అన్నాడు. "మెయిన్ ఆపే ఉంది కదా, ఇంట్లోకే కదా అనుకున్నాను. మెయిన్ ఆపే ఉందండి. సూడండి మీరే."

చూశాను. పిడి కిందికే ఉంది. పెట్టె మూత విప్పాను. లోపల రెండు రాగి పలకలుంటాయి. పిడి దించితే రెండూ పైకి లేవాలి. ఒకటి లేచింది. రెండోది తుప్పుకు అతుక్కుపోయి ఎక్కడిదక్కడే ఉంది. ఫేజు తీగ దానిమీదిదే.

అబద్ధం చెప్పలేను, నిజం చెప్తే ఆ మనిషి ఏమవుతాడో అని భయం. చివరికి చూపించాను. ఆయన ఆ పలక వంక చూస్తూ నేల మీద కూర్చుండిపోయాడు.

మిగిలిన గ్యాంగు పని ఆపి వెళ్లిపోతుందనుకున్నాను. వాళ్లలో పెద్దవాడొకాయన వచ్చి, "ఓబులేసన్న లేస్తానే మొదట అడిగేది లైను అయిందా అనే. పూర్తి చేసే పోతాం," అన్నాడు. ప్రతి ఇంట్లో మెయిన్ పెట్టె విప్పి చూసి, పొద్దు వాలేలోగా మిగతా వైర్లు కలిపారు. నేను ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ ఎత్తాను. ఊరంతా ఒక్కసారిగా లైట్లు వెలిగాయి.

డప్పులవాళ్లు డప్పులు పక్కన పెట్టి కూర్చున్నారు. గుడి అరుగు మీద దండల బుట్ట అలాగే ఉంది. వండిన అన్నం గ్యాంగుకు పెడితే వాళ్లు తలలు వంచుకుని తిన్నారు. నేను వెళ్లేటప్పుడు చూస్తే వీధిలో ఒక్క ఎర్రమ్మ ఇల్లే చీకటిగా ఉంది. కనెక్షన్‌లో ఏమైనా తేడా ఉందేమోనని వెళ్లి అడిగాను.

"కరెంటొచ్చినాది బావు. నానే ఆపీసినాను. ఈ ఎలుగులో కూకోలేకపోతన్నాను," అంది.

మర్నాడు ఆస్పత్రిలో ఓబులేసు కళ్లు తెరిచాడు. గుండె దక్కింది కానీ కుడి చెయ్యి దక్కలేదు. విశాఖ తీసుకెళ్లాక మూడు వేళ్లు తీసేశారు. మిగిలిన రెండూ వంగవు. ఇంటికి కబురు చెప్పడం ఎల్.ఐ.గా నా వంతైంది. నాగరాజు ఫోన్‌లో నంబరు చూసి కలిపాడు. ఆ అవతలి గొంతుతో నేనేం మాట్లాడానో ఇప్పుడు గుర్తు లేదు.

శ్రీకాకుళంలో ఉన్నన్ని రోజులూ కామేశ్వరరావు ప్రతిరోజూ ఆస్పత్రికి వచ్చేవాడు. వరండాలోనే కూర్చుని వెళ్లిపోయేవాడు. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపేవాడు. ఓబులేసు కాస్త మాట్లాడగలిగాక జరిగిందంతా చెప్పాను.

"తుప్పు పట్టినదానికి ఎవర్నని ఏం చేస్తావన్నా?" అన్నాడు. "ఆ ముసలాయన ఎట్లుండాడు?"

శాఖ తరపున విచారణ జరిగింది. నేను చూసింది చూసినట్టు చెప్పాను. కామేశ్వరరావు మీద కేసు పెట్టమని ఓబులేసు ఎవరినీ అడగలేదు. ఓబులేసును సొంత జిల్లాకు పంపించి, స్తంభం ఎక్కక్కర్లేకుండా సబ్‌స్టేషన్‌లో కూర్చునే పని ఇచ్చారు. ఇరవై ఏళ్లు పైన పనిచేసిన మనిషి కింద కూర్చుని మీటర్లు చూడడం ఎలా ఉంటుందో మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

మరుసటి ఏడాది, ఎండలు ముదరకముందు ఎర్రమ్మ సెక్షన్ ఆఫీసుకు వచ్చింది. ఓబులేసును చూడాలంది. ఆమె ఒక్కతే కాదు, కామేశ్వరరావూ వస్తానన్నాడు. ముగ్గురం ఆమదాలవలసలో రైలెక్కాం. మధ్యలో ఒక రైలు మారి కడప చేరి, అక్కడి నుంచి బస్సులో వాళ్ల ఊరు వెళ్లాం. ఎర్రమ్మ ఒక సంచిలో ఎండుచేపలు, ఇంకో సంచిలో జీడిపప్పు తెచ్చింది. పాత పంటలో మిగిలిన పప్పు. కొత్త చెట్లు కాపుకు రావాలంటే ఇంకా ఏళ్లు పడుతుంది. దారంతా ఆమె ఏం చెప్పాలో నెమ్మదిగా అనుకుంటూనే ఉంది.

ఓబులేసు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు. ఎర్రమ్మను చూసి నిజంగానే సంతోషపడ్డాడు. ఆయన భార్య ఈశ్వరమ్మ మంచాలు వాల్చి నీళ్లిచ్చింది.

ఎర్రమ్మ సంచులు ఆమె ముందు పెట్టింది. "మీ ఆయన మా ఊరికి ఎలుగు తెచ్చాడమ్మా. ముందు నీల్లిచ్చాడు, ఆనక ఎలుగిచ్చాడు. ఆ పున్నెం మీదే. అది సెప్పాలనే ఇంత దూరం వచ్చినాను."

ఈశ్వరమ్మ సంచుల వంక చూసింది. "మీ ఊరికి వెలుతురొచ్చింది గదమ్మా, సంతోషం," అంది. గొంతులో కోపం లేదు. "ఈయనకు అన్నం కలిపి పెట్టేది ఇప్పుడు నేనే. నేను కూలికి పోతే, వచ్చేదాకా ఆకలితో కూచుంటాడు. ఎడమచేత్తో తినడు. ఎవర్నీ పెట్టనియ్యడు."

ఎర్రమ్మ దారి పొడుగునా అనుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ చెప్పలేదు.

"ఊరుకో," అన్నాడు ఓబులేసు భార్యతో.

అప్పటిదాకా వాకిట్లోనే నిలబడ్డ కామేశ్వరరావు లోపలికి వచ్చాడు. "ఆ రోజు జనరేటర్ వేసింది నేనండి," అన్నాడు.

"తెలుసు సార్. మీ నాయన ఎట్లుండాడు?"

"బాగున్నారండి."

"అయితే సరే."

"అయితే సరే అంట," అంది ఈశ్వరమ్మ. "ఈయనకు అన్నీ సరే." కామేశ్వరరావు వైపు తిరిగి ఇంకా ఏదో అనబోయి ఆగింది. ఆయన కళ్లు చూసిందేమో. లేచి లోపలికి వెళ్లి పొయ్యి రాజేసింది.

మధ్యాహ్నం మా అందరికీ సంగటి పెట్టింది. తర్వాత భర్త పక్కన కూర్చుని ముద్ద చేసి నోటికి అందించింది. ఓబులేసు మా ముందు తినడానికి సిగ్గుపడ్డాడు. తల గోడ వైపు తిప్పుకుని తిన్నాడు. కామేశ్వరరావు తన పళ్లెం అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఈశ్వరమ్మ అది చూసి, "తినండి. అన్నం మీద కోపమెందుకు," అంది. ఆయన మళ్లీ కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

తిరుగు రైల్లో విజయవాడ దాటాక ఎర్రమ్మ అంది: "మనం రాకుండా ఉండాల్సింది బావు. మనకి మనసు తేలికవుతాదని వచ్చాం. ఆ యమ్మకి మనం ఏటిచ్చాం? మనకొచ్చిన ఎలుగు సూపిచ్చినట్టయింది."

"రాకపోతే ఇంకా పాపం," అన్నాడు కామేశ్వరరావు.

ఇద్దరిలో ఎవరి మాట సరైందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ వేసవిలోనే ఒడిశా తీరాన్ని ఇంకో పెద్ద తుఫాను కొట్టింది. మా వైపు నుంచి వెళ్లిన గ్యాంగుల్లో ఒకదాన్ని నడిపించడానికి నన్ను పంపారు. ఆ ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి మెయిన్ స్విచ్ పెట్టె మూత విప్పి, రెండు పలకలూ లేచాయో లేదో నా కళ్లతో చూసేవాణ్ణి. జనరేటర్ ఉన్న ఇంటి సర్వీసు వైరును రెండు చివరలా విడదీస్తేనే మనిషిని స్తంభం ఎక్కనిచ్చేవాణ్ణి. ఆలస్యమవుతోందని ఊరివాళ్లు విసుక్కునేవారు. విసుక్కోనిచ్చాను. ఇప్పటికీ కుర్ర లైన్‌మన్లు కనిపిస్తే పిడిని నమ్మకండి, పలకను చూడండి అంటాను. నా వృత్తికి ఈ కేసు నేర్పింది అది.

ఇంకొకటి మనిషిగా నేర్చుకున్నాను. ఒడిశాలో మేం లారీ దిగిన మొదటి పూట, ఇంకా ఒక్క గుంతైనా తవ్వకముందు, ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఘొరొ కేఉంఠి?" అని అడిగాడు. మీ ఇల్లెక్కడ అని. శ్రీకాకుళం అని చెప్పాను. ఇంట్లో ఎవరెవరున్నారని అడిగాడు. భార్య, కూతురు అన్నాను. వాళ్లకు ఇక్కడికి చేరానని చెప్పావా అని అడిగి, సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో చూపించి, నేను మాట్లాడేదాకా నిలబడ్డాడు. కరెంటు గురించి ఒక్క మాట అడగలేదు.

నాకు గెడ్డవానిపేట గుర్తొచ్చింది. మేం ఓబులేసుకు పులుసు పెట్టాం, చాపలు వేశాం, దండలు తెప్పించాం, నాలుగు మంచి మాటలు లైటు వెలిగాక చెబుదామని దాచిపెట్టుకున్నాం. ఎక్కడి నుంచో వచ్చి మా ఊరు నిలబెడుతున్న మనిషికి ఒక ఇల్లుందని, అక్కడ ఎవరో ఒకరు ఆయన కోసం చూస్తున్నారని మాకెవరికీ తట్టలేదు. ఈశ్వరమ్మ అనే పేరు నేను మొదటిసారి విన్నది ఆమెకు ఆ ఫోన్ చేయాల్సి వచ్చిన రోజున.